తప్పుకంటె దాపరికమే కీడు

పోలీసుశాఖకో, కేంద్ర రక్షణదళములకో యెంపికయైన యభ్యర్థి పూర్తిచేయవలసిన పత్రములలో అటెస్టేషను ఫారము ముఖ్యమైనది. నీపై కేసు నమోదైనదా, నీవెన్నడైన అరెస్టయితివా, నీకు శిక్షపడినదా యని అది యడుగును. అబద్ధము వ్రాసినను, నిజము దాచినను అనర్హత కలుగునని కేంద్రప్రభుత్వ ఫారముపై హెచ్చరికయు ముద్రితమై యుండును. అయినను "లేదు" అను నొక్కమాట వ్రాసి, చేతికందిన కొలువును పోగొట్టుకొన్నవారి వ్యాజ్యములు న్యాయస్థానములలో కొల్లలు.

జాతరలో కొట్లాటయో, పొలముగట్టు తగాదాయో, కళాశాల వాకిట నినాదములో కారణముగా పుట్టిన కేసు ఎన్నడో ముగిసియుండును. కొట్టివేసిన కేసును చెప్పనేల యని బంధువులు హితవు పలుకుదురు. ఆ హితవే కొంప ముంచుచున్నది. కేసు చిన్నదే కావచ్చును. చేవ్రాలుచేసి చెప్పిన యబద్ధము చిన్నది కాదు. రేపు పంచనామా వ్రాయవలసినవాడు, రాజ్యరహస్యములు కాపాడవలసినవాడు, తనకు నష్టము కలుగుచోట నిజము పలుకకున్నచో, ఇతరుల మానప్రాణములు అతని కలమున కెట్లు అప్పగింతుము?

2016 జూలై 21వ తేదీన సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనము ఈ చిక్కును విప్పెను. అభ్యర్థి యిచ్చు సమాచారము సత్యమై యుండవలెను. దాచినచో కొలువు పోవచ్చును. కాని పిన్నవయస్సున చేసిన నినాదములవంటి స్వల్పవిషయమును దాచినచో, అధికారి దానిని మన్నింపవచ్చును. ఫారము స్పష్టముగా అడుగని సంగతిని చెప్పలేదని దోషమెన్నరాదు. అయితే నిజము చెప్పినవానిని సైతము, పూర్వచరిత్రను విచారించి, నియమింపకుండు అధికారము ప్రభుత్వమునకు కలదు.

ఈ కడపటి యధికారమును గూర్చియే మా కలవరము. దాచినవానికిని చెప్పినవానికిని ఫలమొక్కటే యైనచో, ఆ ఫారమే యువకులకు అసత్యము నేర్పు బడి యగును. 1983లో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, పూర్వ రాజకీయ కార్యకలాపములపై పోలీసు లిచ్చిన నివేదికనుబట్టి ఒక యుపాధ్యాయుని తొలగించుట చెల్లదని తీర్పు చెప్పిరి. చెఱసాలకు పోవుటయే మచ్చ యైనచో, 1930లో ఉప్పుచట్టమును ధిక్కరించినవారిలో ఎందఱు కొలువునకు తగియుందురు? వారు తాము చేసినదానిని దాచలేదు. న్యాయాధికారి యెదుటనే యొప్పుకొనిరి. ఆ యొప్పుకోలే వారి బలము.

కావున యువకులారా, యువతులారా! ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. కేసు నంబరును, అది ముగిసిన తీరును గూడ తెలుపుడు. తీర్పు నకలును జతపఱచుడు. అధికారులారా! నిజము వ్రాసినవాని కాగితమును ప్రక్కకు నెట్టక, నేరమెట్టిది, అప్పటి వయస్సెంత, పిదప నడవడి యెట్టిది యని విచారింపుడు. ప్రజలనుండి సత్యమును కోరు ప్రభుత్వము, సత్యము పలికినవానికి న్యాయము చేకూర్ప బద్ధమై యున్నది.