కరెంటు ఫ్రీ సరే, ఎర్తు ఎవరు వేయించాలి?

మా వంటింట్లో ఫ్రిజ్ ముందర ఒక జత రబ్బరు చెప్పులు ఎప్పుడూ ఉంటాయి. ఇంట్లోకి చెప్పులతో వస్తే తిట్టే మా అమ్మే వాటిని అక్కడ పెట్టింది. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. "ఏం కాదు బిడ్డా, చెప్పులేసుకొని తియ్యి" అంటుంది. తమ్మునికైతే తడిచేత్తో ముట్టొద్దని చెప్పింది. మా ఇంట్లో కరెంటు భద్రత అంటే అంతే. ఈ సంగతి క్లాసులో చెప్తే నలుగురైదుగురు నవ్విన్రు. "మా గీజరు గట్లనే" అని ఒకామె, "మా బోరు మోటరు ఇంకా మస్తు కొడ్తది" అని ఇంకొకామె. నేనూ నవ్వాను.

మొన్న వేసవి సెలవుల్లో తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్నను పిలిపించాం. మీటరు బోర్డు విప్పి, మెగ్గరు పెట్టి వైర్లన్నీ చూసి 300 తీసుకున్నాడు. ఒక కాగితం మీద లెక్క రాసిచ్చాడు. ఆర్‌సీసీబీ పెట్టడానికి బిగింపుతో కలిపి 2,200. ఎర్తు గుంత తవ్వి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి, తీగ ఇంట్లోకి తేవడానికి 6,000. పాత వైరింగంతా పీకి కొత్తది వేస్తే రెండు గదులకే 28,000. మా ఇంటి కిరాయి నెలకు 5,000. అమ్మ ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది.

గుంతకు అంత ఎందుకు అని అడిగితే, "అక్కా, బీదరంతా ఎర్రరాయి కదా, తవ్వాలంటే గడ్డపార వంగుతది" అన్నాడు అమ్మతో. నిజమే, లేటరైటు రాయి మీద ఉన్న ఊరు మనది. ఎండాకాలం నేల ఎండితే కరెంటు భూమిలోకి సరిగ్గా దిగదు కూడా. అందుకే గుంత ఉన్నవాళ్లయినా వేసవిలో అందులో నీళ్లు పోస్తుండాలి. ఎవరు పోస్తున్నారు?

చాలామంది (మా నాన్నతో సహా) బోర్డులో ఎంసీబీ ఉంది కదా, ఏమన్నా అయితే అదే పడిపోతుందిలే అనుకుంటారు. అది కాపాడేది వైర్లను, మనుషులను కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు దాటితేగాని దానికి చురుకు తగలదు. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు కాసేపు పోతే చాలు, ఊపిరి ఆడకపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు వెలగడానికి తీసుకునే కరెంటు అంతకన్నా ఎక్కువే. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ ఆ 30 దగ్గర, రెప్పపాటులో, సరఫరా తెంపేస్తుంది. దాని మీద టెస్ట్ అని బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. పాత వైర్లలో లీకేజీ ఉంటే అది మాటిమాటికి పడిపోతుంది. అప్పుడు మనవాళ్లు వైరు బాగుచేయరు, ఆర్‌సీసీబీనే పీకి పక్కన పెడతారు.

ఇంకొక అలవాటుంది. ఎర్తు లేని ఇంట్లో ప్లగ్గు మూడో రంధ్రానికి న్యూట్రల్ తీగ కలిపి పని కానిచ్చేస్తారు. ఖర్చు తప్పుతుంది. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే. మా ఇంట్లో అదే చేసి ఉంది.

మన దేశంలో కరెంటు షాకుతో ఏటా 12 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు. అంటే రోజుకు 30 మందికి పైనే. ఇంత జరుగుతున్నా చట్టం లేదా అంటే, ఉంది. 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే ఐదేళ్లు దాటకుండా వినియోగదారుల కనెక్షన్లను తనిఖీ చేయాలని ఉంది. 2010లో వచ్చిన నిబంధనల్లోనూ ఆ ఐదేళ్ల మాట ఉంది. మా అమ్మ పెళ్లయి వచ్చి ఇరవై రెండేళ్లు, మూడు ఇళ్లు మారింది. మీటరు రీడింగుకు తప్ప ఎవరూ వచ్చింది ఆమెకు గుర్తు లేదు.

నాకు అసలు కోపం తెప్పించింది వేరే. షాకు నుంచి కాపాడే ఆ పరికరం ఒక స్థాయి దాటిన లోడు ఉన్న కనెక్షన్లకే తప్పనిసరి అన్నారు, చిన్న కనెక్షన్లకు మినహాయింపు ఇచ్చారు. పేదలకు ఖర్చు తగ్గించాలని అనుకున్నారేమో. కానీ చిన్న ఇంట్లో కొట్టే షాకు చిన్నదేమీ కాదు కదా! ఏసీ ఉన్న ఇంటికి రక్షణ తప్పనిసరి, రేకుల ఇంట్లో తడి బట్టలు ఆరేసే ఆమెకు అక్కర్లేదు. ఇది తలకిందుల లెక్క.

జపానులో ఇళ్ల వైరింగును నాలుగేళ్లకోసారి కరెంటు కంపెనీ తరఫున వచ్చి చూస్తారు, ఇంటివాళ్లు పైసా కట్టక్కర్లేదు. ఇంగ్లండులో 2020 నుంచి కిరాయి ఇళ్లకు ఐదేళ్లకోసారి పరీక్ష చేయించే బాధ్యత ఓనరుది. మనకు రెండూ లేవు.

2023 ఆగస్టు 5న పక్కనే కలబురగిలో గృహజ్యోతి మొదలుపెట్టారు. 200 యూనిట్ల దాకా ఉచితం, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా. అవతల జహీరాబాదువాళ్లకు 2024 నుంచి అదే పేరుతో వచ్చింది. మాకు నెలకు నాలుగైదు వందలు మిగిలాయి, నేను దాన్ని తప్పుపట్టను. అయితే యూనిట్లకు ఇంత ఇస్తున్న ప్రభుత్వం, అదే పథకంలో ప్రతి చిన్న కనెక్షనుకు ఒక ఆర్‌సీసీబీ, ఒకసారి తనిఖీ కలపలేదా? ఇల్లంతా వైరింగు మార్చమనడం లేదు. ముందు ఆ 2,200 వస్తువు పడితే ప్రాణం దక్కుతుంది, మిగతావి నెమ్మదిగా చేసుకోవచ్చు.

ఎర్తు, వైరింగు మాత్రం ఓనర్లే చేయించాలి. గోడలు వాళ్లవి, గుంత తవ్వే నేలా వాళ్లదే. మా ఓనరమ్మతో అమ్మ అడిగితే, "ఇన్నేళ్ల నుంచి ఎవరికీ ఏం కాలే గదమ్మా" అంది. మీరు అడిగినా ఇదే మాట వస్తుంది, రాసి పెట్టుకోండి. గట్టిగా అడిగితే ఖాళీ చేయమంటారేమోనని అమ్మ భయం. ఆ భయం ఉత్తదేం కాదు.

చివరికి మిగిలిన కరెంటు బిల్లు డబ్బులు ఐదు నెలలు దాచి ఆర్‌సీసీబీ మేమే పెట్టించుకున్నాం. మొదటి వారంలోనే నాలుగుసార్లు పడిపోయింది. అన్న వచ్చి చూస్తే ఫ్రిజ్ వెనక వైరును ఎలుక కొరికి ఉంది, 80 రూపాయలతో పోయింది. గుంత సంగతి దసరా తర్వాత చూద్దామని ఓనరమ్మ అంది. చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి.