చుక్క వెనుక లెక్క తెలియాలి

ఆరు, ఏడు తరగతులలో నేర్పే భిన్నాలు, దశాంశాల పద సమస్యలను పరీక్ష కోసం నేర్చి ఆ తరువాత మరచిపోయే లెక్కలుగా చూడడం మామూలయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలలో అవి ఇంటి భూమికి, కూలికి సంబంధించిన లెక్కలు. అందులో తప్పితే నష్టపోయేది మార్కులు మాత్రమే కాదు.

భూమి సంగతే చూద్దాం. పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు గదా! బడిలో మాత్రం 2.20 అంటే రెండు, ఇంకొక అయిదో వంతు. ఆ ప్రకారం లెక్కిస్తే రెండెకరాల ఎనిమిది గుంటలే అవుతుంది. ఒక్క చుక్క దగ్గర 12 గుంటల తేడా. గుంటకు 121 చదరపు గజాల చొప్పున అది 1,452 గజాలు!

2025 జనవరిలో మొదలైన రైతు భరోసాలో ఎకరాకు పంటకాలానికి 6,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆ లెక్కన 2.20కి రావలసింది 15,000. దశాంశంగా గుణిస్తే 13,200 వస్తుంది. అన్నదమ్ముల పంపకంలో 1.25, 1.25 కలిపినా అంతే. బడి లెక్కలో 2.50, భూమి లెక్కలో మూడెకరాల పది గుంటలు.

పిల్లలది తప్పనలేము. చుక్క తరువాతి అంకె ఎన్నింటిలో భాగమో ముందు చూడాలని ఎవరైనా చెప్పాలి. రూపాయికి 100 పైసలు, ఎకరానికి 40 గుంటలు, గంటకు 60 నిమిషాలు, ఓవరుకు ఆరు బంతులు. క్రికెట్‌లో 4.3 అంటే నాలుగున్నర ఓవర్లని పిల్లలకు తెలుసు. దానితోనే మొదలుపెట్టవచ్చు.

కూలి లెక్కలూ ఇటువంటివే. కోరుట్లలో బీడీల కూలి వెయ్యికి ఇంత అని కడతారు. వెయ్యికి 240 రూపాయలనుకుంటే 650 బీడీలు చుట్టిన తల్లికి ఎంత రావాలి? 0.65తో గుణిస్తే 156. సిరిసిల్లలో సాంచాల మీద మీటరుకు 4.5 రూపాయలనుకుంటే 60 మీటర్లకు 270. చుక్క తరువాతి అయిదును అయిదు పైసలనుకున్న పిల్లవాడు 243 అంటాడు. అక్కడే 27 రూపాయలు పోయాయి.

దేశంలో 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. బడి మెట్లెక్కని పెద్దలు సైతం పావు, అర, ముప్పావు నోటితో లెక్క కట్టేవారు. ఏది ఎన్ని భాగాలో వారికి తెలుసు. నేటి పిల్లలకు గుణకారం వచ్చు, ఆ మూలం అందడం లేదు.

పరీక్షలో పుస్తకంలోని లెక్కలే వస్తాయి గదా అని కొందరు అనవచ్చు. పాసుపుస్తకం లెక్క చేయగలిగిన పిల్లవాడికి పుస్తకం లెక్క కష్టం కాదు. వారానికి ఒక్క పీరియడు ఊరి లెక్కలకు కేటాయిస్తే చాలు. దీనికి ప్రత్యేక నిధులు అక్కరలేదు. ఉపాధ్యాయులు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో ఇటువంటి సమస్యలు తయారు చేసుకోవాలి. తల్లిదండ్రులు కూడా పాసుపుస్తకాన్ని పెట్టెలోనే దాచకుండా ఒకసారి పిల్లల ముందు పెట్టి, మన భూమి ఎంతో చెప్పమని అడగాలి.