ఎవరండీ ఖాళీగా ఉన్నది?

"ఇంట్లో ఖాళీగా కూర్చునే బదులు నాలుగు అల్లికలు అల్లుకుంటే కాలక్షేపానికి కాలక్షేపం, చేతి ఖర్చుకి చేతి ఖర్చు." మార్చి ఎనిమిదిన మా అపార్టుమెంటు వాళ్ళు జరిపిన మహిళా దినోత్సవంలో ముఖ్య అతిథిగారు సెలవిచ్చిన మాట ఇది. బల్ల మీద పరిచిన క్రోషియా గుడ్డకి మోచేతులు ఆనించి మరీ సెలవిచ్చారు. ఆ గుడ్డ నా క్లాసులోనే తయారైంది. చప్పట్లు బాగా పడ్డాయి. కొట్టినవాళ్ళలో నా దగ్గర నేర్చుకునేవాళ్ళూ ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

ఆ పెద్దమనిషి ఒక్కడి మాటే అయితే టీ తాగి మర్చిపోదును. కానీ ఇది ఊరందరి నోట్లోనూ ఉంది. ఆడవాళ్ళ పేజీ తిప్పితే "తీరిక వేళల్లో సంపాదన". పెళ్ళికి వెళితే "మీకేమండీ, టీవీ చూస్తూ అల్లేస్తారు". బేరానికి వచ్చినావిడ చివరి అస్త్రం కూడా ఇదే: "ఎలాగూ ఇంట్లో ఖాళీయేగా పిన్నిగారూ, కాస్త చూసి వెయ్యండి." చూసి వెయ్యడమంటే తగ్గించి వెయ్యడమని వేరే చెప్పక్కర్లేదు. ఇంతమంది కలిసి మాకు అంటగట్టిన ఈ తీరిక ఎక్కడుందో నేనూ వెతుకుతూనే ఉన్నాను. ఊలు అల్లికా క్రోషియా నేర్పి, ఆర్డర్లు చేసి ఇల్లు గడుపుకునేదాన్ని నేను. తీరిక ఉంటే ముందు కాస్త పడుకుందును.

రండి, నా ఖాళీ ఎలా ఉంటుందో చూద్దురుగాని. పొద్దున క్లాసులో పదిమంది ఉంటే పది రకాల పని నా ముందుంటుంది. ఒకావిడ డల్లాస్‌లో పుట్టబోయే మనవడికి స్వెట్టరు వేస్తోంది. వీసా వచ్చింది, టిక్కెట్టు కొన్నారు, స్వెట్టరు మాత్రం చంకల దగ్గర ఆగిపోయింది. పక్కన ఇంజనీరింగు పిల్ల అమిగురుమి ఎలుగుబంటి చేస్తోంది. జపాను వాళ్ళ పద్ధతి బొమ్మ అది, వరసకి ఇన్ని కుట్లని లెక్క తప్పకుండా పెంచుకుంటూ పోవాలి. ఈ పిల్ల లెక్క తప్పింది, ఎలుగుబంటి తల ఒంటికంటే పెద్దదైంది. ఇంకొకరు దారాన్ని ఉరి బిగించినట్టు లాగుతారు, వాళ్ళకి ఒక నంబరు పెద్ద సూది ఇవ్వాలి. మరొకరు వదులు, వాళ్ళకి చిన్నది. ఎడమచేతివాటం అమ్మాయికి ఎదురుగా కూర్చుని అద్దంలోలాగా చూపించాలి. ఎవరిదో సూది మీంచి ఒక కుట్టు జారి పాతిక వరసల కిందికి పోతుంది. దాన్ని క్రోషియా కొక్కెంతో ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ పైకి తేవాలి. చేస్తున్నంతసేపూ నవ్వుతూ ఉండాలి, లేకపోతే ఆవిడ రేపట్నించి రాదు.

క్లాసు అయిపోయిందంటే పని అయిపోయిందని కాదు. "మీ చేతిలో పడితే ఆ అందమే వేరు మేడం, ఈ భుజం ఒక్కటీ మీరు వేసిపెట్టరూ" అని ఒక కవరు నా చేతిలో పెడతారు. భుజం ఒక్కటీ అంటే మెడ గుండ్రం, రెండో భుజం, గుండీల పట్టీ అన్నీ కలిపి అని అర్థం. ఆ కవరు ఇంటికొస్తుంది. ఇంట్లో అప్పటికే బారసాల సెట్టు సగంలో ఉంటుంది. కుల్లా అయింది, ఒక కాలి మేజోడు అయింది, రెండోది కాలేదు. శ్రావణమాసం వస్తే గృహప్రవేశాలకి గుమ్మం తోరణాలు. ముహూర్తం నా తోరణం కోసం ఆగదు. అన్నిటికీ వేర్వేరు సూదులు, వేర్వేరు నంబర్లు. ఏ వరసలో ఆపానో చీటీ రాసి పెట్టుకోకపోతే మర్నాడు మొత్తం విప్పుకోవాలి. రాత్రి ట్యూబులైటు కింద నల్ల ఊలు అల్లి చూడండి ఎప్పుడైనా, కళ్ళు ఎలా ఉంటాయో. దీన్ని కాలక్షేపం అన్నవాడి చేతికి ఆ నల్ల ఊలే ఇవ్వాలి.

డబ్బు లెక్క కూడా చెబుతాను, ఎవరూ అడగరు కాబట్టి. ఏడాది పిల్లాడి స్వెట్టరుకి, కొంచెం డిజైను ఉంటే, చెయ్యి తిరిగినదానికి కూడా పద్దెనిమిది గంటలు సులువుగా పడుతుంది. ఆరువందలు చెబితే "అమ్మో" అంటారు. అందులో ఊలుకీ గుండీలకీ నూటయాభై తీసెయ్యండి. మిగిలిన నాలుగువందల యాభైని గంటల్లోకి పంచితే గంటకి పాతిక. ఎనిమిది గంటలు నడుం వంచితే రెండువందలు. మన రెండు రాష్ట్రాల్లోనూ 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకి 300 రూపాయలు. ఆ మాత్రం కూడా గిట్టని పనికి కాలక్షేపం అని పేరు పెట్టి, పైగా చేతి ఖర్చులకి వస్తుందని మాకే చెబుతున్నారు! మేస్త్రీకి గోడ కట్టడం సరదా అని తెలిస్తే కూలి కోస్తారా? మా దగ్గరకొచ్చేసరికి మాత్రం, మాకు ఇష్టమైన పని కాబట్టి సగం జీతం ఆ ఇష్టంలోనే ముట్టినట్టు లెక్క.

ఈ తీరిక కబురు కొత్తదేం కాదు. మాది నర్సాపురం వైపు. అక్కడ ఆడవాళ్ళు ఇళ్ళలో అల్లే లేసు బతుకు వందేళ్ళ పైమాటే. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాకి తెచ్చిన లేసు పని అది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్ళేవాడు, అల్లినవి పట్టుకుపోయేవాడు. ఒకరు పువ్వులు అల్లితే, ఆ పువ్వుల్ని కలిపే అతుకు పని ఇంకొకరిది. పువ్వు అల్లిన మనిషికి అది బల్లగుడ్డ అవుతుందో దుప్పటి అవుతుందో తెలియదు, ఏ దేశంలో ఎంతకి అమ్ముతారో అసలే తెలియదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో వచ్చి ఈ ఇళ్ళలో కూర్చుంది. 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం వేసింది. ఆవిడ తేల్చింది ఏమిటంటే, ఈ ఆడవాళ్ళు వంటా, పిల్లలూ, గొడ్డూగోదా చూసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వచ్చేది పొలం కూలికన్నా తక్కువ. ఎగుమతి షావుకార్లని అడిగితే, వాళ్ళు పనివాళ్ళు కారు, ఇంట్లో కూర్చునే గృహిణులు, తీరిక దొరికినప్పుడు చేస్తారు, అన్నారు. జనాభా లెక్కలవాళ్ళకీ వాళ్ళు పనివాళ్ళుగా కనపడలేదు. ఎనిమిది గంటల తీరిక! అంత తీరిక ఆ షావుకారుకైనా ఉందా?

ఇక్కడే ఉంది కిటుకంతా. పనివాళ్ళయితే కూలి అడుగుతారు, సంఘం కడతారు, చట్టం మాట్లాడతారు. గృహిణి అయితే? "ఇదిగో అమ్మా, నీ చేతి ఖర్చుకి" అని ఎంత పెడితే అంత. మా అమ్మమ్మ అతుకు పని చేసేది. ఆమె డబ్బుతో ఇంట్లో ఏమేం కొన్నారో లెక్క రాసినవాళ్ళు లేరు గానీ, "ఊరికే కూర్చోలేక ఏదో అల్లుతుంది" అని తాతయ్య చుట్టాలకి చెప్పడం మాత్రం నాకు బాగా గుర్తు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఇంకోచోట అల్లింది నర్సాపురం పేరుతో అమ్మకూడదని ఆ గుర్తింపు చెబుతుంది. నర్సాపురంలో అల్లినావిడకి గంటకి ఎంతివ్వాలో మాత్రం చెప్పదు. ఊరి పేరుకి కాపలా పెట్టారు, చేతులకి ఎవరూ లేరు.

పోనీ మన దగ్గరే ఇలా ఉందా అంటే అదీ లేదు. ఐర్లండులో 1845 నుంచి బంగాళాదుంప తెగులుతో కరువొచ్చి జనం చచ్చిపోతుంటే, కాన్వెంటుల్లోని సన్యాసినులు ఆడపిల్లలకి క్రోషియా నేర్పారు. అక్కడా ఒకరు పువ్వు, ఒకరు ఆకు, కలిపేది ఇంకొకరు. ఆకలితో అల్లిన ఆ లేసు లండనులోనూ పారిస్‌లోనూ దొరసానుల మెడ చుట్టూ కూర్చుంది. స్కాట్లండుకి ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో ఆడవాళ్ళు వంటచెరకుగా వాడే పీటు గడ్డల బుట్ట వీపున వేసుకుని, కొండ దారిలో నడుస్తూనే అల్లేవాళ్ళు. చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అనుకున్నారేమో! షావుకార్లు వాళ్ళ శాలువాలకి డబ్బు ఇవ్వకుండా టీ పొడీ, బట్ట ముక్కా ఇచ్చేవారు. 1872లో దీనిమీద ప్రభుత్వ విచారణే జరిగింది. చదివినప్పుడు ఎంత అన్యాయం అనుకున్నాను గానీ, పోయినేడు నా తోరణం పట్టుకెళ్ళినావిడ ఏమిచ్చింది? స్వీటు డబ్బా, పసుపూ కుంకుమా, జాకెట్టు ముక్క. "మీరు మా ఇంటి మనిషిలాంటివారు, డబ్బు ఇస్తే బాగుండదు" అంది. ఆ జాకెట్టు ముక్క నా కొలతకి చాలదు కూడా.

పెరూలో టకీలే అనే దీవి ఉందిట. అక్కడ మగవాళ్ళు అల్లుతారు, యునెస్కో దాన్ని గొప్ప వారసత్వం అని గుర్తించింది. మంచిదే. మగవాళ్ళు అల్లితే వారసత్వం, మేము అల్లితే కాలక్షేపం. ఇది కొంచెం తొండి వాదమే, ఆ దీవిలో ఆడవాళ్ళ నేత కూడా ఆ గుర్తింపులో ఉంది. అయినా అనాలనిపించింది, అన్నాను.

ఇప్పుడు దీనికి తోడు ఇంకో ఫ్యాషను బయల్దేరింది: అల్లితే మనసు ప్రశాంతంగా ఉంటుందిట. ఉంటుంది, అది మీ సొంత మఫ్లరు అయితే, గడువు లేకపోతే, మెడ నరం లాగకపోతే. డెలివరీ రేపు అనగా ఒక స్లీవు పొడుగూ ఒక స్లీవు పొట్టీ అని కనిపెట్టిన రాత్రి నా ప్రశాంతత ఏపాటిదో మా ఆయన్ని అడగండి.

వీడియోలు చూసి నేర్చుకుని వచ్చేవాళ్ళ గురించి వేరే వ్యాసం రాయాలి. "అన్నీ ఫోన్‌లో ఉన్నాయిగా, ఫీజు ఎందుకు మేడం" అనేవాళ్ళే, అమెరికా వాళ్ళ డిజైను బ్రిటన్ లెక్కలో అల్లుకుని, గుడ్డ అనుకున్న ఎత్తు రాలేదని ఏడుస్తూ వస్తారు. అమెరికా వాళ్ళ సింగిల్, బ్రిటన్ వాళ్ళ డబుల్ ఒకటే కుట్టు. ఫోన్ అది చెప్పలేదా? చెప్పే ఉంటుంది, మీరు ముందుకి జరిపేసి ఉంటారు.

అన్నిటికన్నా నాకు నచ్చని మాట "మాల్‌లో నాలుగువందల తొంభైతొమ్మిదికే దొరుకుతోంది". సూదులతో వేసే ఊలు అల్లికకి యంత్రం ఉంది, 1589లోనే విలియం లీ అనే ఇంగ్లీషాయన మేజోళ్ళ మగ్గం కట్టాడు. కానీ అసలైన క్రోషియాని చేసి పెట్టే ఫ్యాక్టరీ మెషిన్ ఇప్పటికీ లేదు. దానిలా కనిపించేది అల్లే యంత్రాలున్నాయి, అది వేరు. కాబట్టి మాల్‌లో వేలాడుతున్న ఆ టాపు నిజంగా క్రోషియాయే అయితే, ఎక్కడో ఒక మనిషి దాన్ని కుట్టు కుట్టుగా చేత్తోనే అల్లింది. 499లో షాపు వాటా, దళారీ వాటా, దారం, లారీ బాడుగ పోగా ఆవిడకి ఎంత మిగిలి ఉంటుంది? ఆ ధర చూపించి నన్ను తగ్గించమంటున్నారంటే, ఆవిణ్ణి ముంచినట్టే నన్నూ మునగమంటున్నారు.

మరి ఏం చెయ్యమంటావు అంటారు. గంటలు రాయండి. అల్లిన ప్రతి వస్తువుకీ చీటీ కట్టి, ఊలు ఇంత, గంటలు ఇన్ని అని రాయండి. ధర తర్వాత చూసుకోవచ్చు, ముందు గంటలు కంటికి కనపడనివ్వండి. ఒక్కరే రాస్తే పక్కింటావిడ దగ్గరకి బేరం పోతుంది కాబట్టి అందరూ కలిసి రాయాలి. అదెలా, ఎవరు కూడగట్టాలి అంటే కూర్చుని మాట్లాడుకోవాలి, నా దగ్గర పూర్తి ప్రణాళిక ఏమీ లేదు. తీరిక చిక్కినప్పుడు ఆలోచించి చెబుతానని మాత్రం అనను.

నా మట్టుకు నేను మొదలుపెట్టేశాను. జూన్ నుంచి క్లాసు ఫీజు వేరు, "ఈ ఒక్కటీ మీరు వేసిపెట్టరూ" ఫీజు వేరు. భుజానికి గంట లెక్క. మెడ గుండ్రం అయితే ఇంకొంచెం ఎక్కువ. జాకెట్టు ముక్కలు తీసుకోబడవు.