అన్నమును వెలివేయుట పథ్యము కాదు

పత్తిమిల్లులకును కళాశాలలకును పేరుగన్న కోయంబత్తూరు పీలమేడునందు, తరతరములుగా తెలుగుమాటను ఇంట నిలుపుకొనిన కుటుంబములలో, పెండ్లివిందునందు సైతము అన్నము వడ్డింపనీయక విస్తరికి చేయి అడ్డుపెట్టువారు నేడు కానవచ్చుచున్నారు. తమిళనాట పేలియో అనియు, చదువుకొన్నవారి నోట కీటో అనియు, ఆంధ్రదేశమున వీరమాచినేని రామకృష్ణగారి ప్రచారమున ప్రసిద్ధికెక్కిన కొవ్వుపథ్యమనియు పేర్లు వేరైనను, పిండిపదార్థములను దాదాపుగా విడిచి కొవ్వుతో కడుపు నింపుకొనుటయే వీని సారము. ఈ మార్గమున బరువు తగ్గదని నేననను. తొలినెలలలో త్వరగానే తగ్గును. కాని ఆ తగ్గుదల యెట్టిదో, యెంతకాలము నిలుచునో, దానికి చెల్లింపవలసిన మూల్యమెంతో విచారింపక అన్నమును వెలివేయుట వివేకము కాదు.

కాలేయమునందును కండరములందును గ్లైకోజెన్ రూపమున నిలువయుండు పిండిపదార్థము, గ్రాము ఒక్కింటికి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును గనుక, ఆ నిలువ తరుగు మొదటి వారమున త్రాసు చూపు తగ్గుదలలో పెద్దపాలు నీరే. అమెరికాలో, పిండి తగ్గించు అట్కిన్స్ పథ్యమును కొవ్వు తగ్గించు పథ్యముతో పోల్చి పరీక్షించి 2003లో ఫలితములు ప్రకటించిన వైద్యులు, ఆరునెలలకు కనబడిన ఆధిక్యము ఏడాది తిరుగునప్పటికి నిలువలేదని తేల్చిరి. 2018లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, 609 మందిని ఏడాదిపాటు పరిశీలింపగా, పిండి తగ్గించినవారు సగటున 6 కిలోలును, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలును తగ్గిరి. ఆ స్వల్పభేదము లెక్కకు రానిది.

ఇక మూల్యము. పీచు కొరవడుటచే మలబద్ధకము, ఆరంభమున తలనొప్పి, నీరసము, నోటి దుర్వాసన సామాన్యములు. కొందరికి చెడు కొలెస్ట్రాల్ పెరుగును, కొందరికి మూత్రపిండములలో రాళ్లేర్పడును. వైద్యుని పర్యవేక్షణలో కొన్నినెలలు పిండి తగ్గించిన మధుమేహరోగులకు చక్కెర అదుపునకు వచ్చుట నిజమే. కాని ఇన్సులిన్ వాడువారు మోతాదు మార్చుకొనకయే అన్నము మానినచో చక్కెర ప్రాణాపాయమగునంతగా పడిపోవచ్చును. గ్లిఫ్లోజిన్ వర్గపు మాత్రలు వాడువారికి, చక్కెర అంతగా పెరుగకయే రక్తము ఆమ్లమయమగు కీటోఅసిడోసిస్ దాపురింపవచ్చును. శాకాహారి సంగతి మరియు కష్టము: కందిపప్పునందు సైతము సగమునకు మించి పిండిపదార్థమే యుండుటచే, పప్పును వదలిన పిదప అతనికి మిగులునవి పనీరు, కొబ్బరి, బాదము మొదలగు ఖరీదైన వస్తువులే.

మన పూర్వులు ధాన్యము తిని చెడిరా? కపిల తోలి నల్లరేగడిలో పత్తియు జొన్నయు పండించిన, కోయంబత్తూరు చుట్టునున్న ఈ కొంగునాటి రైతులకు జొన్న, సజ్జ, రాగి నిత్యాహారములు. వారి ఒడలిశ్రమ ఆ శక్తిని వ్యయించెను. నేడు శ్రమ తగ్గెను, ముద్ద తగ్గలేదు, బియ్యము తెల్లబడెను. కోయంబత్తూరునకు ఎగువ కొండలపైనున్న కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిని గూర్చి ఆరంభించిన పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలి నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. ఆ బెరిబెరి బియ్యము తినుటచే గాక, దానిపై తవుడంతయు పోవునట్లు మరపట్టుటచే కలిగినదని గుర్తించిన శాస్త్రము, ధాన్యమును నిషేధింపలేదు. దాని సంస్కారమును సరిదిద్దుకొమ్మనెను.

ఆ సంస్థయే 2024లో వెలువరించిన మార్గదర్శకములందు ధాన్యములనుండి లభించు శక్తి దినమునకు నూటికి 45 పాళ్లు మించరాదని చెప్పినది. మనము అన్నము మితిమీరి తినుచున్నమాట సత్యము. కాని ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనుట తగదు. కావున పాఠకులారా, విస్తరిలో అన్నమును సగము చేయుడు, దంపుడుబియ్యమును, జొన్నను, రాగిని తిరిగి వంటింటికి రప్పింపుడు, ఉలవలు, పప్పు, కూరలు హెచ్చింపుడు, నిత్యము నడువుడు. పదేండ్లు పాటింపగలిగిన పథ్యమే పథ్యము. పండుగనాడు కుటుంబముతో కూర్చుండి తిననీయని పథ్యము ఎవనికిని చిరకాలము సాగదు.