ఉత్తర దాటాక పెరటికి అనపే మేలు

పుబ్బ, ఉత్తర కార్తెలు వెళ్లాక పాతపాళ్య చుట్టుపక్కల పెరట్లోనో, బోరు కింద మడిలోనో నాలుగు సాళ్ల జాగా మిగిలితే చాలామందికి ముందు గుర్తొచ్చేది టమాటా నారు. కారణం లేకపోలేదు. చింతామణి, కోలారు మార్కెట్లు దగ్గర, నర్సరీలో నారు ఎప్పుడు పోయినా దొరుకుతుంది. అయితే వానకాలం చివర్లో వేసే కూరగాయకు ధర కంటే ముందు చూడాల్సింది, అది ఎప్పటికి చేతికొస్తుంది, అప్పటికి నీళ్లెన్ని మిగులుతాయి అన్నది. ఆ లెక్క వేస్తే ఆ జాగా అనపకూ, ఉలవకూ, ముల్లంగికీ, ఆకుకూరలకూ దక్కాలి.

ఈ సీమలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. చిత్రావతి, పాపాఘ్ని నంది కొండల వైపు పుట్టినా వాన గట్టిగా పడినప్పుడే పారతాయి. చిక్కబళ్లాపుర జిల్లాలో ఎక్కువ వాన కురిసేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. కాబట్టి నేలలో తడి నిండుగా ఉండేదీ అప్పుడే, ఆ పైన వేసవి జల్లుల దాకా ఆశ తక్కువ. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ వింత కాదు, లోతు నీళ్లలో ఫ్లోరైడ్ బెడద వేరే. అక్టోబరు చివర నాటిన టమాటా తొలి కోతకు రెండు నెలలు పడుతుంది, తర్వాత కోతలు సాగినన్నాళ్లూ తడి అడుగుతూనే ఉంటుంది. చెట్టు నిండా కాయ ఉండే రోజులూ, బోరు సన్నగిల్లే రోజులూ ఒక్కటవుతాయి. మెంతికూర నెలకే కోతకొస్తుంది, ముల్లంగికి నెలన్నర చాలు, పైగా రెంటికీ చలి పడుతుంది. ఉలవకైతే విత్తేనాటి పదును, మధ్యలో ఒకటి రెండు జల్లులు ఉంటే సరి.

అనప సంగతి ఇంకా చిత్రం. నాటు అనప పూతకు రావడం పగటి పొడవును బట్టి ఉంటుంది. ఇక్కడ జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో పదకొండున్నర గంటల లోపే. ముందే విత్తిన అనప, పగలు తగ్గేదాకా తీగా ఆకూ పెంచుకుంటూ కూర్చుంటుంది. ఆలస్యంగా విత్తినది చిన్న మొక్కగా ఉండగానే పూతకొస్తుంది. మొక్కకు కాయలు తగ్గుతాయి, నిజమే. దాన్ని కొంతవరకు పూడ్చుకోవాలంటే గింజ దగ్గర దగ్గరగా వేయాలి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన హెబ్బాళ అవరె 3, 4 రకాలకు పగటి పొడవుతో పని లేదు, ఎప్పుడు వేసినా పూస్తాయి. అమ్మకానికి అవి మంచివే. పెరటికి మాత్రం నా ఓటు నాటు అనపకే. మంచు పడే రోజుల్లో కాసిన కాయకుండే ఘాటు వాసన, సంగటిలోకి పితికిపప్పు చేసుకునేవాళ్లకు వేరే చెప్పాలా? వేరు నేలకు నత్రజని ఇస్తుంది, కాయ కోసుకున్న తీగ పాడి పశువుకు మేత.

టమాటా తెచ్చే డబ్బు ఇవి తెస్తాయా అని అడగవచ్చు. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు 2,000 రూపాయలు దాటిన మాట ఎవరూ మరచిపోలేదు. ఆ ధర చూసి అన్ని చోట్లా నాట్లు వేశారు. సెప్టెంబరుకల్లా ధర కూలింది, కర్నూలు వైపు రైతులు కాయను రోడ్డు పక్కన పారబోశారు. ఎకరాల్లో వేసేవాడు ఒక పంట పోయినా మరో పంటతో తేరుకుంటాడేమో. గుంటన్నర పెరడున్న ఇంటికి ఆ జూదం ఎందుకు? ఆ ఇల్లు డబ్బు చూసేది అమ్మకంలో కంటే సంతలో కొనక్కర్లేని కూరలోనే ఎక్కువ. డ్రిప్పు ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. డ్రిప్పు ఉన్న నీటిని పొదుపుగా పంచుతుంది, బోరులో లేని నీటిని పైకి తేలేదు. ఇంట్లోకి కావలసిన నాలుగు టమాటా మొక్కలు బోకులు కడిగిన నీళ్లు పారేచోట నాటుకుంటే నాకూ అభ్యంతరం లేదు.

పురుగు మాటకొస్తే అనపకు ఆ బాధ తక్కువేం కాదు. చలికాలంలో పేనుబంక, పూత మీద కాయతొలుచు పురుగు తప్పవు. పది సాళ్ల పెరట్లో పొద్దున్నే చూసి ఏరేయడం, వేపనూనె చల్లడం చేతనయ్యే పని. ఎకరాల పొలంలో ఆ మాట చెప్పలేం. అసలు చిక్కు విత్తనం దగ్గరుంది. నాటు అనప గింజ దాచుకునే ఇళ్లు తగ్గేకొద్దీ టమాటా నారంత సులువుగా అది దొరకదు. హోబళి రైతు సంపర్క కేంద్రాలు ఉత్తర కార్తెకల్లా పావుకిలో అనప, కాసిని ఉలవలు, ముల్లంగి, మెంతి గింజలు ఒక్క పొట్లంగా కట్టి ఇవ్వగలిగితే, నర్సరీ దాకా వెళ్లే పెరటి రైతుల్లో కొందరైనా ఇటు తిరుగుతారు.