జీవశాస్త్రజ్ఞుల పటాల వరుసలో తెలుగు ఎక్కడ?

ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం వచ్చిందంటే బడి గోడలపై శాస్త్రవేత్తల పటాలు వెలుస్తాయి. జీవశాస్త్రం వంతుకు వచ్చేవి సాధారణంగా నాలుగైదు ముఖాలే: లిన్నేయస్, డార్విన్, మెండెల్, పాశ్చర్, ఫ్లెమింగ్. వారి గొప్పతనాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. వారు లోకానికంతటికీ గురువులు. అయితే ఆ పటాల ముందు నిలబడి పేర్లు వల్లించే తెలుగు పిల్లవాడి మనసులో, ఎవరూ చెప్పకుండానే మరొక పాఠం కూడా నాటుకుంటుంది. విజ్ఞానం ఎక్కడో దూరదేశంలో పుట్టిందనీ, దానికీ తమ ఇంటి మాటకూ ఏ సంబంధమూ లేదనీ వాడు అనుకుంటాడు.

చంద్రపూర్ వంటి చోట ఈ పాఠం మరింత గట్టిగా నాటుకుంటుంది. ఇక్కడి మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, పై చదువుల పుస్తకంలో ఇంగ్లీషు. మూడింటిలో తెలుగే వెనుక వరుస. "తెలుగులో చదివితే సైన్సు ఎలా వస్తుంది మాస్టారూ?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అది న్యాయమైన ప్రశ్న. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన అందించే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉంది. కానీ అధికరణాన్ని చూపించి ఎవరి బిడ్డనూ బడికి రప్పించలేము. అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పాలి.

దీనికి మనలో రెండు రకాల సమాధానాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది లొంగుబాటు: "నిజమే, తెలుగు పద్యాలకూ పండుగలకూ చాలు, సైన్సుకు పనికిరాదు." రెండవది డాంబికం: "అన్నీ మన పూర్వులు ఎప్పుడో చెప్పేశారు, పాశ్చాత్యులు మన గ్రంథాలనుండి ఎత్తుకుపోయారు." మొదటిది పిల్లవాణ్ణి చిన్నబుచ్చుతుంది. రెండవది వాడిని మోసం చేస్తుంది. ఈ రెండింటికీ దూరంగా, కాగితం మీద నమోదై ఉన్న చరిత్ర ఒకటున్నది. మనం తరగతిలో చెప్పవలసింది దానినే.

లిన్నేయస్ నుండే మొదలుపెడదాం. మొక్కలకూ జంతువులకూ రెండు మాటల శాస్త్రీయనామం పెట్టే పద్ధతిని స్థిరపరచినవాడుగా ఆయన మన పాఠ్యపుస్తకాలలో కనిపిస్తాడు. ఆయన శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి చేరి, దక్షిణదేశమంతా తిరిగి మొక్కలు సేకరించి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజులలో ఆయనకు వైద్యం చేసినవాడు సామర్లకోటలో ఉన్న స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. అంటే ఉప్సాలాలో లిన్నేయస్ చెప్పిన పాఠం ఒక్క తరంలోనే గోదావరి ఒడ్డుకు చేరింది. ఈ సంగతి తెలిసిన పిల్లవాడికి గోడమీది లిన్నేయస్ అంత పరాయివాడుగా కనిపించడు.

కోనిగ్ తరువాత ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి పదవి పాట్రిక్ రసెల్‌కు దక్కింది. ఆయన విశాఖపట్నంలో ఉండి పాములనూ చేపలనూ పరిశీలించాడు. ఏ పాము విషపుది, ఏది కాదు అన్నది జనానికి గుర్తుపట్టడం నేర్పాలన్నది ఆయన ముఖ్యోద్దేశం. పాము కాటుకు దివ్యౌషధమని పేరుపడిన తంజావూరు మాత్ర నిజంగా పనిచేస్తుందా అని కూడా పరీక్షలు చేశాడు. 1796లో వెలువడిన ఆయన గ్రంథంలో పాముల పేర్లు స్థానికులు చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. ఇప్పుడు మనం రక్తపింజర అని, మరాఠీవారు ఘోణస అని పిలిచే పాముకు ఆయన రాసుకున్న పేరు 'కాటుక రేకుల పొడ'. ఒంటిమీద కాటుక దిద్దిన రేకుల వంటి మచ్చలున్న పాము అని ఎవరో పాములవాడు చెప్పి ఉంటాడు. ఒక్క పేరులో ఆ పాము రూపమంతా ఉంది. తరువాత ఆ పాముకు శాస్త్రలోకం రసెల్ పేరే పెట్టింది. ఆయన 'బంగారు పాము' అని రాసుకున్న మరొక పాము పేరునుండి 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోడాన్ 'బుంగారస్' అనే ప్రజాతి నామాన్ని తయారుచేశాడు. కట్లపాము ఆ ప్రజాతిలోనిదే. ప్రపంచంలో ఏ మూల ఏ శాస్త్రజ్ఞుడు కట్లపాము గురించి రాసినా, తెలిసో తెలియకో మన బంగారాన్ని తలచుకుంటూనే ఉన్నాడు.

అదే 1803లో రసెల్ విశాఖ తీరపు రెండువందల చేపల వర్ణనలను ప్రచురించాడు. జాలరులు కనగర్త అని చెప్పిన చేప పేరు అందులోనుండి క్యూవియే చేతికి వెళ్ళి, నేటికీ శాస్త్రీయనామంలో 'కనగుర్త'గానే నిలిచి ఉంది. ఇక పందికొక్కు ప్రయాణం వింటే పిల్లలు నవ్వకుండా ఉండలేరు. మన పందికొక్కే ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. 1873లో 'బాండికోటా' అనే ప్రజాతి నామంగా స్థిరపడింది. అంతటితో ఆగక, ఏ బంధుత్వమూ లేని ఆస్ట్రేలియా సంచిజంతువుకు కూడా ఆ ఇంగ్లీషు పేరే అంటుకుంది.

రాక్స్‌బర్గ్ కథ మన జిల్లాకు ఇంకా దగ్గరిది. ఆయన 1781 నుండి సామర్లకోటలో ఉండి మొక్కలను పెంచాడు, వర్ణించాడు, భారతీయ చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు. 1787 తుపాను వరదలో తన పుస్తకాలూ సేకరణలూ కోల్పోయి కూడా మళ్ళీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా ఉద్యానవనానికి వెళ్ళాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుండి మూడు సంపుటాలుగా, మూడువందల చిత్రపటాలతో వెలువడింది. అందులో మొక్క వర్ణనతో పాటు తెలింగులు దానిని ఏమని పిలుస్తారో కూడా కనిపిస్తుంది. ఆయన మరణానంతరం 'ఫ్లోరా ఇండికా'ను 1832లో మూడు సంపుటాలుగా అచ్చువేయించిన విలియం కేరీ, 1814లో తెలుగు వ్యాకరణం రాసిన కేరీ ఒక్కరే. మన వ్యాకరణమూ మన వృక్షశాస్త్రమూ ఒకే చేతిమీదుగా అచ్చయిన కాలమది.

మన అడవిలోకి నడుద్దాం. వేసవిలో బీడీల కోసం కోసే తునికి ఆకు, మరాఠీలో తేందూ. దాని శాస్త్రీయనామం 'డయోస్పైరోస్ మెలనోక్సిలాన్'. నల్లచేవ గలది అని ఆ రెండవ మాటకు అర్థం. ఆ పేరు పెట్టినవాడు రాక్స్‌బర్గ్. మరాఠీ బిజా, మన వేగిస, దానికి 'టెరోకార్పస్ మార్సూపియం' అని పేరు పెట్టిందీ ఆయనే. ఇక్కడివారు రోహన్ అనే చెట్టు మన సోమిద. దాని బెరడు జ్వరానికి పనిచేస్తుందని విని, సింకోనాకు బదులు వాడవచ్చునేమో అని రాక్స్‌బర్గ్ పరిశీలించాడు. జ్వరాన్ని పారదోలేది అనే అర్థంలో 'ఫెబ్రిఫ్యూగా' అన్నాడు. తరువాత ప్రజాతికి మన సోమిద పేరే 'సోయ్‌మిడా'గా వచ్చింది. తాడోబా చుట్టుపక్కల చెట్ల శాస్త్రీయనామాల జాబితా తీసి చూడండి. పేరు చివర 'రాక్స్‌బ్.' అనే కురచ సంతకం ఎన్నిసార్లు వస్తుందో పిల్లలచేతనే లెక్కపెట్టించండి.

ఇంతవరకు చదివి పొంగిపోతే అదీ పొరపాటే. పేరు చెప్పినంత మాత్రాన శాస్త్రం కాదు. పాములవాడికి పాము తెలుసు, జాలరికి చేప తెలుసు. కానీ దానిని మరొక దేశపు పాముతో, చేపతో పోల్చి, లక్షణాలు నమోదు చేసి, ఎవరైనా సరిచూసుకొనేలా అచ్చువేసే పద్ధతి రసెల్, రాక్స్‌బర్గ్‌లది. ఆ పద్ధతి లేకపోతే ఆ తెలివి ఆ తరంతోనే పోయేది. అలాగే ఆ కంపెనీ ఉద్యోగులు కేవలం జ్ఞానదాహంతో రాలేదు. మిరియాలు, నీలిమందు, పట్టు, కలప ద్వారా వచ్చే లాభం వారి యజమానుల దృష్టిలో ఎప్పుడూ ఉండేది. పాము పేరు మిగిలింది, చెప్పినవాడి పేరు మిగలలేదు. బొమ్మలు మిగిలాయి, వాటిని గీసిన చేతుల్లో చాలావాటి పేర్లు మిగలలేదు. ఒక శతాబ్దం తరువాత 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినప్పుడు, ఆ దోమలు కుట్టిన రోగి హుసేన్ ఖాన్ పేరు మనకు తెలిసింది. అటువంటి పేర్లు అరుదు. శాస్త్రచరిత్ర చెప్పేటప్పుడు ఈ లోటు కూడా చెప్పాలి. ఎవరి శ్రమకు ఎవరికి పేరు వచ్చిందన్నది పదేళ్ళ పిల్లవాడికి కూడా అర్థమయ్యే న్యాయవిచారమే.

పేరు దక్కని శ్రమకు మన కాలానికి దగ్గరి ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గట్టెక్కి, వైద్యం చదివి, సంగ్రహణి వ్యాధికి అన్నదమ్ములను కోల్పోయినవాడు. అమెరికా చేరి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వారిద్దరూ వెల్లడించారు. ఆ ఏడాదే జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా ఏటీపీని కనుగొన్నాడు. కణం తన శక్తిని ఏ నాణెంగా ఖర్చుపెడుతుందో పదవ తరగతి పుస్తకం చెబుతుంది. ఆ నాణేన్ని గుర్తించినవారిలో ఒక భీమవరం కుర్రవాడున్నాడని చెప్పదు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాయి, పిల్లల రక్తకాన్సర్‌పై సిడ్నీ ఫార్బర్ వాడిన అమినాప్టెరిన్‌ను అందించాయి, ఆరియోమైసిన్‌ను వెలికితెచ్చాయి. 1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఆయన బృందం 1947లో వెల్లడించిన మరొక మందు హెట్రాజాన్. దానినే ఇప్పుడు డి.ఇ.సి. అంటున్నాం. బోదకాలు వ్యాధి, మరాఠీ హత్తీరోగ్, మన తూర్పు విదర్భకు కొత్త కాదు. దాని నివారణకు సామూహికంగా పంచిన మాత్ర ఇదే. గోడమీది పటాలలో లేని తెలుగువాడు మాత్రగా మన ఇళ్ళలోకి వచ్చిపోయాడు. మింగిన పిల్లవాడికి ఆ సంగతి చెప్పవలసిన బాధ్యత ఎవరిది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. సుబ్బారావు తన పరిశోధనలు ఇంగ్లీషులోనే రాశాడు గదా, కట్లపాము పేరు తెలుగులోనుండి వచ్చినంత మాత్రాన మా అమ్మాయికి వైద్యకళాశాలలో సీటు వస్తుందా అని. రాదు. ఇంగ్లీషు నేర్పవద్దని ఏ తెలుగు ఉపాధ్యాయుడూ అనడు. మరాఠీ లేకుండా ఈ నేలమీద బతుకూ గడవదు. కానీ జీవశాస్త్రం మొదటి మెట్టు సిద్ధాంతం కాదు, చూపు. ఈ ఆకుకూ ఆ ఆకుకూ, ఈ పాముకూ ఆ పాముకూ తేడా కనిపెట్టడం. ఆ తేడాలకు చిన్ననాడే మాటలు కావాలి. అవి పిల్లవాడికి అమ్మ, అవ్వ, మేనమామ నోటినుండి వస్తాయి. పొడ, రేకు, చేవ, నార, జిగురు, ఊడ వంటి మాటలు తెలిసిన పిల్లవాడు సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నప్పుడు చూడవలసినది ఏమిటో ముందే ఎరిగి ఉంటాడు. ఆ మాటలు లేనివాడికి ప్రతిదీ 'చెట్టు', ప్రతిదీ 'పురుగు'.

మనకు జరుగుతున్న అసలు నష్టం అక్కడే ఉంది. రాజురా వైపు పల్లెలలో, బల్లార్పూర్ కార్మికవాడలలో ఇప్పటికీ ఈ మాటలు ఎరిగిన పెద్దలున్నారు. వారి మనుమలకు తేందూ తెలుసు, తునికి తెలియదు. రసెల్ రాసుకోకపోతే 'కాటుక రేకుల పొడ' ఎవరికీ తెలియకుండా పోయేది. మన వీధి అవ్వ మాటలు రాసుకోవడానికి ఏ రసెలూ రాడు. ఆ పని మన పిల్లలే చేయాలి.

అందుచేత తోటి ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. ఆరవ తరగతినుండి ప్రతి విద్యార్థిచేతా ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఒక్కో మొక్కకు, ఒక్కో జీవికి ఒక పుట. అందులో తెలుగు పేరు, మరాఠీ పేరు, శాస్త్రీయనామం, ఒక బొమ్మ ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా ఆ పేరు ఎవరు చెప్పారో వారి పేరు ఉండాలి. కంపెనీ దొరలు వదిలేసిన ఆ గడిని మన పిల్లలు పూరిస్తారు. పాముల పుటను మాత్రం బొమ్మలు చూపించే నింపించండి. పామును పట్టబోవద్దనీ, కాటు పడితే మంత్రం మాని ఆసుపత్రికి పరుగెత్తాలనీ ఆ పుటలోనే రాయించండి. విజ్ఞాన దినోత్సవం నాడు లిన్నేయస్ పక్కన కోనిగ్‌నూ, డార్విన్ పక్కన రాక్స్‌బర్గ్‌నూ, పాశ్చర్ పక్కన సుబ్బారావునూ పెట్టండి. ఎవరినీ దించనక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. బిడ్డ ఇంటికి వచ్చి "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగితే, "అదెందుకు, ఇంగ్లీషు పేరు నేర్చుకో" అనకండి. మీకు తెలియకపోతే మీ అమ్మగారిని అడిగి చెప్పండి. ఆమె చెప్పిన పేరు పుస్తకంలోకి ఎక్కాలి, ఆ పేరు పక్కన ఆమె పేరు కూడా ఎక్కాలి.