అధికారుల తెలుగు అభ్యసనం: ప్రగతికి కొలమానం ఏది?

అమలాపురం: ఆంగ్లంలో విద్యాభ్యాసం చేసి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే అఖిల భారత సర్వీసు అధికారులు తెలుగును ఏ మేరకు నేర్చుకున్నారన్నది పాలనా సామర్థ్యానికి సంబంధించిన అంశం. 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును రాష్ట్ర అధికార భాషగా గుర్తించింది. ఐ.ఎ.ఎస్. ప్రొబేషనర్లకు ముస్సోరీ అకాడమీలో తమకు కేటాయించిన రాష్ట్ర భాషను బోధిస్తారు. ఆ భాషలో పరీక్ష ఉత్తీర్ణులు కావలసి ఉంటుంది.

ఈ విధానం కొత్తది కాదు. 1812లో మద్రాసులో ఏర్పాటైన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో ఈస్టిండియా కంపెనీ యువ ఉద్యోగులు దేశభాషలు నేర్చి పరీక్షలకు హాజరయ్యేవారు. 1817లో మద్రాసు చేరిన సి.పి.బ్రౌన్ అక్కడ తెలుగు అభ్యసించి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరారు. తదనంతరం మచిలీపట్నం, రాజమండ్రిలలో పనిచేశారు. పరీక్షతో ఆయన అభ్యసనం ముగియలేదు. వేమన పద్యాల సేకరణ, 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆ తరువాతి కృషి ఫలితాలే.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఈ అనుభవం నేటికీ వర్తిస్తుంది. లిపి, వ్యాకరణ పరిజ్ఞానాన్ని పరీక్ష నిర్ధారించగలదు. అయితే రాజోలు, కొత్తపేట ప్రాంతాల రైతులు పలికే ఏటిగట్టు, లంక, రేవు, కొబ్బరి దింపు వంటి మాటలు క్షేత్రస్థాయిలోనే పట్టుబడతాయి. గోదావరి వరద వేళ గట్టుకు గండి పడుతున్నదని లంకవాసి చెబుతున్నప్పుడు అనువాదానికి వ్యవధి ఉండదు.

అందువల్ల అర్జీని స్వయంగా చదవడం, అర్జీదారును తెలుగులో ప్రశ్నించడం, ఆయనకు అర్థమయ్యే తెలుగులో సమాధానం ఇవ్వడం, ఈ మూడే ప్రగతికి సరైన కొలమానాలు. వీటిని సాధించిన అధికారికి, ప్రజలకు నడుమ మధ్యవర్తి అవసరం ఉండదు.